రంగుల మాస్టారి పాత కార్డు

"ఆ కార్డు తీసేస్తే నన్నూ తీసేసినట్టే," అన్నాడు బావ, కుర్చీలోంచి సగం లేచి.

బావమరిది తల పట్టుకున్నాడు. పొద్దుట్నించి ఈ ఒక్క ముక్క వినీ వినీ అతనికి విసుగెత్తిపోయింది.

ప్రింటింగ్ షాపులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయించింది అతనే. ఆ కొత్తదానికీ, లోపల బావ ప్రాణంగా చూసుకునే పాత గ్రాఫిక్స్ కార్డుకీ క్షణం పడటం లేదు. తెర మీద బొమ్మ రావలసిన చోట గళ్ళ దుప్పటి ఆరేసినట్టు ఏదో కనబడుతోంది. సాయంత్రానికల్లా పెయింట్ల దుకాణానికి షేడ్ కార్డు నమూనా ఇవ్వాలి. అంటే, వాళ్ళమ్మే రంగులన్నీ చిన్న చిన్న గళ్ళలో అచ్చేసిన అట్ట. ఇవ్వలేకపోతే ఆ పని ఎదురు వీధి ప్రెస్సుకి పోతుంది. పనితోపాటు పరువూ పోతుంది. ఎందుకంటే ఆ చుట్టుపక్కల బావని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన రంగుల మాస్టారు.

బావమరిది పిలిపించిన మెకానిక్ కార్డు ఊడదీసి, కంప్యూటర్‌కి సొంతంగా ఉన్న ప్లగ్గులో తెర తీగ గుచ్చాడు. తెర కళకళలాడింది.

"చూడు బావా, రంగులెలా మెరిసిపోతున్నాయో," అన్నాడు బావమరిది.

బావ ముందుకి వంగి చూశాడు. వెనక్కి వాలి చూశాడు. "ఏవీ? నాకేం కనబడటం లేదే."

"ఇంత ఎర్రటి ఎరుపు కనబడటం లేదా?"

"అది ఎరుపో కాదో కార్డు చెప్పాలి. నువ్వు కాదు."

మొండివాడు రాజు కన్నా బలవంతుడని ఊరికే అనలేదు. బావమరిది సాయం కోసం కౌంటర్ దగ్గర కూర్చున్న అక్క వైపు చూశాడు.

"వాదించకురా," అంది అక్క. "ఆయనకి ఆ కార్డే పెట్టించు."

ఆవిడెప్పుడూ అంతే. ఆయనా అంతే, అచ్చయిన ప్రతి కాగితమూ ముందు ఆవిడకి చూపించి, ఆవిడ తల ఊపితేనే బయటికి పంపిస్తాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ మురిపెం ఏమిటో బావమరిదికి అంతుబట్టదు.

"పెట్టచ్చు గానీ, డ్రైవర్ దొరకాలండీ," అన్నాడు మెకానిక్. "కార్డునీ సిస్టమ్‌నీ కలిపి నడిపే ప్రోగ్రామది. దీని పాత డ్రైవర్ కొత్త సిస్టమ్‌లో నడవదు."

అంతలో పెయింట్ల దుకాణం యజమాని ఫోన్ చేశాడు, పని ఎంతవరకూ వచ్చిందని.

"డ్రైవర్ కోసం వెతుకుతున్నామండీ," అన్నాడు బావమరిది. "దొరగ్గానే అయిపోతుంది."

కాసేపటికి ఖాకీ చొక్కా ఆసామి ఒకడు చేతిలో తాళంచెవి ఆడించుకుంటూ షాపులోకి వచ్చాడు.

"మా ఓనరుగారు పంపారండీ. డ్రైవర్ లేక మీ పని ఆగిపోయిందట కదా. బండెక్కడుంది?"

మెకానిక్ తలెత్తకుండా విప్పిన కంప్యూటర్ పెట్టె చూపించాడు. డ్రైవర్ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఇలాంటిది నేనెప్పుడూ నడపలేదు గానీ, పని అయ్యేదాకా తిరిగి రావద్దన్నారండీ," అంటూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తర్వాత బావని ఎగాదిగా చూశాడు. "మిమ్మల్ని రోజూ సిగ్నల్ దగ్గర చూస్తానండీ. పక్కవాళ్ళు కదిలాక గానీ మీరు కదలరు. ఎంత మర్యాదండీ."

"పెంపకం," అన్నాడు బావ.

ఎట్టకేలకు మెకానిక్ ఇంటర్నెట్‌లో ఒక డ్రైవర్ పట్టాడు. ఇలాంటి పాత కార్డునే పట్టుకు వేలాడుతున్న మరో మొండిఘటం ఎక్కడో కూర్చుని రాసినదట. కార్డు మళ్ళీ బిగించి, దాన్ని ఎక్కించాడు. తెర చీకటైంది. తర్వాత బొమ్మ తలకిందులుగా వచ్చింది. అందరూ మెడలు వంచి చూశారు.

"రివర్స్ గేరు పడినట్టుందండీ," అన్నాడు డ్రైవర్.

మెకానిక్ ఇంకేదో నొక్కాడు. బొమ్మ నిటారుగా నిలబడింది. తెర మూల బూడిదరంగు పెట్టె ఒకటి తెరుచుకుంది. ఆ కార్డుతో వచ్చిన ప్రోగ్రామే అది, ఆ కార్డు ఉంటేనే నడుస్తుంది. మౌస్ ఏ గడి మీద పెడితే ఆ రంగు పేరు అందులో అక్షరాల్లో పడుతుంది.

"ఇప్పుడు కనబడుతున్నాయి రంగులు," అన్నాడు బావ. ముఖం చేటంత చేసుకుని పనిలో దిగాడు. గళ్ళు చకచకా నిండుతున్నాయి.

మెకానిక్ వెళ్ళిపోయాడు. డ్రైవర్ తన వల్లే పనయిందన్న ధీమాతో టీ తాగడానికి వెళ్ళాడు. ఇంక చివరి వరస మాత్రమే మిగిలింది. బావమరిదికి ఆ మూలనున్న పెట్టె అడ్డంగా తోచింది. ఎదురుగా ఎరుపు కనబడుతుంటే మళ్ళీ 'ఎరుపు' అని రాయడమేమిటి, ఆవు మెడలో 'ఆవు' అని చీటీ కట్టినట్టు? సాయం చేద్దామని చెయ్యి చాపి దాన్ని మూసేశాడు.

బావ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"ఏం చేశావురా?" అన్నాడు మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. బావమరిది చాపిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

అక్క గబగబా లేచి వచ్చి పెట్టె మళ్ళీ తెరిచింది. బావ భుజం మీద చెయ్యి వేసి, ఏమీ జరగనట్టే, "కానివ్వండి," అంది. ఆయన చూపు ముందు ఆ పెట్టె మీదికి, తర్వాత గడి మీదికి వెళ్ళింది. పని మళ్ళీ మొదలైంది.

అప్పుడు అక్క తమ్ముణ్ణి పక్కకి లాక్కెళ్ళి, చెవి దగ్గర నోరు పెట్టింది.

"మీ బావకి ఎరుపూ ఆకుపచ్చా ఒకటేరా."