చీపుళ్ళ పాఠం

మిసిసిపీ నది కట్ట తెంచుకుని పత్తి చేలన్నీ ముంచేసిన మరుసటి ఏడు అది. గట్టు మీది కాలేజీ గేటు దగ్గర కాపలా ముసలి జెబులన్ కళ్ళు చికిలించి కిందికి చూశాడు. వెంటనే గంట తాడు అందుకున్నాడు.

గంట ఆగి ఆగి మోగింది. గబగబా మోగితే క్లాసు మారినట్టు. ఆగి ఆగి మోగితే దొర వస్తున్నట్టు. ఆ సంగతి ఆ నల్లపిల్లల కాలేజీలో అందరికీ తెలుసు. లాటిన్ పుస్తకాలు పిండి పీపాల్లోకి పోయాయి. మగపిల్లలు పారలు పట్టుకుని తోటలోకి పరుగెత్తారు. ఆడపిల్లలు చీపురు గడ్డి ముందేసుకుని కూర్చున్నారు. నల్లవాళ్ళకు చేతిపని నేర్పితే దొరలు ఊరుకుంటారు. అంతకుమించి నేర్పితే ఊరుకోరు. పక్క జిల్లాలో అలా నేర్పిన బడి నిరుడే బూడిదైంది.

కాలేజీ పెద్ద గ్రేడీ గారు కోటు తొడుక్కుంటూ వచ్చాడు.

"కారు చప్పుడు వినలేదే, జెబులన్?"

"వంతెన వరదకు పోయాక కార్లెక్కడివి? వాగు దాటి నడిచొస్తున్నాడు. బూట్ల నిండా బురద."

"ఇవాళే ఊడిపడాలా వీడు! రేపు పొద్దున రైలుకి ఉత్తరాది నుంచి మనాయన దిగుతున్నాడు."

మనాయన అంటే ఎవరో జెబులన్‌కు తెలుసు. తమ జాతివాడే, పెద్ద చదువు చదివి కాలేజీలు తనిఖీ చేసేవాడు. ఇక్కడ చెప్పేది నిజమైన కాలేజీ చదువేనని ఆయన ఒప్పుకుంటేనే అది డాక్టరు కాలేజీలో చెల్లుతుంది. లేకపోతే జెబులన్ మనవరాలు డార్కస్ ఎంత చదివినా చదవనట్టే. చెప్పింది నమ్మడట, చూసిందే నమ్ముతాడట.

"నువ్వే బండి కట్టుకుని స్టేషన్‌కి వెళ్ళు. ముందు వీణ్ణి సాగనంపుదాం," అన్నాడు గ్రేడీ.

దొర గేటు దాటాడు. పాలిపోయిన ముఖం, బూడిదరంగు కళ్ళు, గోధుమరంగు జుట్టు. ఎవరు, ఎందుకొచ్చావని తెల్లవాణ్ణి అడిగే అలవాటు ఆ నేల మీద ఎవరికీ లేదు. ఆయనా చెప్పలేదు.

"కాలేజీ చూడొచ్చా?" అన్నాడు.

"మీ దయ, దొరా! కాలేజీ అని పేరేగానీ, చీపుళ్ళు, పారలు, ఇంతేనండి," అని నవ్వాడు గ్రేడీ.

దొర నీళ్ళడిగాడు. గ్లాసు కోసం ఒకడు పరిగెత్తబోతుంటే, పిల్లలు తాగే సొరబుర్రతోనే ముంచుకుని తాగాడు. జెబులన్ ఓ అడుగు వెనక్కి వేశాడు. కలుపుగోలు దొర కంటే కస్సుమనే దొరే నయం.

గదిలో గోడమీది నల్లబల్ల సరిగా తుడవలేదు. ఒక మూల లాటిన్ వాక్యం సగం మిగిలిపోయింది. దొర చూపు దాని మీదే ఆగింది. గ్రేడీ తుడుపుగుడ్డ అందుకోబోయాడు.

"అదేమిటో చదువుతావా, అమ్మా?" అని దొర డార్కస్‌ను అడిగాడు.

ఆ వాక్యం పొద్దున రాసింది డార్కసే. గడ్డి పక్కన పెట్టి, తల గోక్కుంటూ లేచింది.

"అదా దొరా? కోడి గీకినట్టుంది. బల్ల తుడవమంటే మావాళ్ళకు బద్ధకమండి."

వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. దొర నవ్వలేదు.

"నువ్వు ఏం కావాలనుకుంటున్నావు?"

"పట్నంలో దొరసాని గారింట్లో వంట కుదిరితే చాలండి. బిస్కెట్లు బాగా చేస్తాను."

"అంతేనా?"

"ఇంకేముంటాయి దొరా మాకు?"

జెబులన్ ఊపిరి వదిలాడు. పిల్ల గట్టిది. మాట తడబడలేదు, కన్ను అదరలేదు. తోటలో మగపిల్లలు కూడా అంతే. దొర లెక్క అడిగితే ఒకడు వేళ్ళు మడుస్తూ తప్పు చెప్పాడు.

దొరను గేటు దాకా దిగబెట్టడానికి జెబులన్ వెళ్ళాడు. అక్కడ దొర ఆగాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మిమ్మల్ని ఒక మాట అడుగుతాను, పెద్దాయనగారూ. నిజం చెప్పండి. ఇక్కడ ఇంతకంటే ఏమీ లేదా?"

జెబులన్ పుట్టి బుద్ధెరిగాక ఏ తెల్లవాడూ తనను గారూ అనలేదు. ఇది వల అనుకున్నాడు. నేలకేసి చూశాడు.

"ఇంతేనండి దొరా. మట్టి బుర్రలు."

"అలాగా," అన్నాడు దొర. కాలేజీకేసి ఒకసారి చూసి, గట్టు దిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం భోజనాల గదిలో ఒకటే గోల. డార్కస్ తల గోక్కుంటూ మళ్ళీ నటించి చూపింది. గ్రేడీ గారికి నవ్వి నవ్వి కళ్ళనీళ్ళొచ్చాయి.

"తాతా, నేను డాక్టరునయ్యాక ఆ దొర నా దగ్గరికే జ్వరంతో రావాలి. కోడి గీకినట్టే మందు చీటీ రాసిస్తా!"

"ముందు రేపటి పెద్దమనిషి దగ్గర నోరు సరిగ్గా తిప్పు. నిన్ను చూసే ఆయన నమ్మాలి," అన్నాడు జెబులన్.

"లాటిన్ అంతా ఒప్పజెప్పేస్తా, నువ్వు తీసుకురా చాలు!"

మర్నాడు పొద్దున జెబులన్ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కంచరగాడిదను బండికి కట్టి, సీటు మీద దుప్పటి పరిచి స్టేషన్‌కు వెళ్ళాడు. రైలు వచ్చింది. ఇంజను పక్కన పొగ మింగే పెట్టె నల్లవాళ్ళది, వెనకవన్నీ తెల్లవాళ్ళవి. తాతముత్తాతల్లో ఒక్క నల్లవాడున్నా, ఒళ్ళు ఎంత తెల్లగా ఉన్నా, చట్టం ప్రకారం ముందు పెట్టే. జెబులన్ ముందు పెట్టె దగ్గర టోపీ చేతబట్టుకుని నిలబడ్డాడు. ఒక ముసలమ్మ, కోళ్ళ బుట్ట దిగాయి. ఇంకెవరూ దిగలేదు.

ప్లాట్‌ఫారం చివర నిన్నటి దొర చేతిసంచి పట్టుకుని కనబడ్డాడు. జెబులన్ చటుక్కున తల వంచుకున్నాడు.

"మీరెక్కే పెట్టెలు వెనక ఉన్నాయి, సార్," అని రైలు ఉద్యోగి వినయంగా చెయ్యి చూపించాడు.

దొర తల అడ్డంగా ఊపి, "మావాళ్ళ పెట్టె ఇదేనండి," అని నల్లవాళ్ళ పెట్టె ఎక్కాడు.