అనుకరణ అని ఒప్పుకుంటే చాలు

ఒక్క నిమిషం ఆగండి, ఇది విని వెళ్లండి! వకుళాదేవి ముప్పై ఏళ్లు సీరియళ్లు, సినిమాలు తీసింది, పద్యనాటకాలు ఆడించింది. వాటన్నిటినీ మింగి నేర్చుకున్న ఏఐ యంత్రం ఇప్పుడు ఇంటింటికీ రోజుకో నాటకం వండిపెడుతోంది. ఆమె మాత్రం ఆఖరిగా ఒక్క పద్యనాటకం ఆడించాలని తెనాలిలో హాలు అడిగింది.

రిహార్సల్ చూసి మేనేజరు తల గోక్కున్నాడు. "వన్స్‌మోర్ అనగానే రాజు కూర్చుని, గొంతు తగ్గించి మళ్లీ పాడటం... అది మెషీన్ స్టైల్ కదండీ మేడమ్. మా కంప్యూటర్‌లో కాపీ అని చూపిస్తోంది."

"అది కనిపెట్టిందే నేనయ్యా!"

"అయ్యుండొచ్చండీ. యంత్రానికి అనుకరణ అని ఓ సంతకం పడేయండి, సాయంత్రమే ఆడేద్దాం."

పెడితే తన పని తనది కాదని తనే ఒప్పుకున్నట్టు. పెట్టకపోతే తెర లేవదు. రంగు పూసుకున్న ఆరుగురు ముసలి నటులు ఆమె చేతికేసే చూస్తున్నారు.

మీరైతే సంతకం పెడతారా?