కోల్డ్ స్టోరేజీ గోడ మీద బొమ్మ

ముచ్చటగా మూడోసారి నిచ్చెనెక్కాను. మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడమనిషి బొమ్మకి మళ్ళీ బొట్టు చెరపాలి.

బొట్టు లేకపోతే రామాలయం వీధివాళ్ళు ఊరుకోరు. ఉంటే మసీదు వీధివాళ్ళు ఊరుకోరు. రెండు వీధుల్నీ కలిపే బొమ్మ వెయ్యమన్న కమిటీవాళ్ళు ఫోనే ఎత్తడం లేదు. గుంటూరు ఎండలో నా మోకాళ్ళు మాత్రం అరిగిపోయాయి.

"ఏమయ్యోయ్, అసలు తొడిమలు తీసే చోటు ఎప్పుడన్నా చూశావా?" కిందనుంచి గట్టిగా అరిచింది వెంకటరావమ్మ. ఆ పనికే పోతూ ఆగింది. "మొహానికి గుడ్డ ఏదీ? ఆ ఘాటుకి ఒక్క పూటన్నా కూర్చోగలదా?"

పక్కనున్న నస్రత్ పకపకా నవ్వింది. "దగ్గి దగ్గి చచ్చుద్ది వదినా!"

పది రోజులు కళ్ళు పోయేలా దిద్దిన మొహం అది. ఒళ్ళు మండి, బొమ్మకి నుదుటినుంచి గడ్డందాకా తువ్వాలు చుట్టినట్టు రంగు వేసేశాను. కళ్ళు మాత్రం మిగిలాయి.

సాయంత్రం పని దిగి వచ్చి చూశారు.

"ఇప్పుడు అచ్చం నువ్వే వదినా," అంది నస్రత్.

"నా కళ్ళు అంత బాగుంటాయటే? నువ్వే," అంది వెంకటరావమ్మ.

కాసేపటికి రెండు వీధుల ఆడవాళ్ళూ గోడ ముందు చేరి, అది ఎవరో తేల్చే పనిలో పడ్డారు.

తువ్వాలు కింద బొట్టుందో లేదో ఒక్కరూ అడగలేదు. అడిగినా చెప్పను.