గోడ దాటిన కేసరి

మా వీధిలో సగం ఇళ్లకు వంటల్లో వేసుకోమని జాఫ్రా గింజల నారింజ రంగు ఇస్తారు, సగం ఇళ్లకు ఇవ్వరు. ఏళ్ల తరబడి తింటే ఆ రంగు వల్ల క్యాన్సర్ వస్తుందా అన్నది ఇప్పుడు ఎలుకల మీద కాదు, ఇళ్లలోనే తేలుస్తున్నారు. రోజూ ఉదయం వంటింటి అద్దం మా ఒంట్లో గడ్డల కోసం వెతుకుతుంది. మాది రంగు ఇల్లు. పక్కింటి హైమావతిది రంగులేని ఇల్లు.

ఈ పరీక్ష మొదలై పన్నెండేళ్లు నిండాయని పరీక్షాధికారి గవర్రాజు వచ్చి, నన్నూ హైమావతినీ కూర్చోబెట్టాడు.

"గడ్డలు రంగు ఇళ్లలో ఇద్దరికి, రంగులేని ఇళ్లలో హైమావతిగారితో కలిపి ఇద్దరికి. అంటే తప్పు రంగుది కాదమ్మా. ఇక బడిపిల్లల భోజనంలోనూ వేస్తారు. రంగు మీ గడప దాటలేదని వేలిముద్ర వేయండి."

నా వేలు ఆగిపోయింది. ప్రతి శుక్రవారం ఆ రంగు వేసి వండి అమ్మవారికి పెట్టిన కేసరి గోడ మీదుగా హైమావతికి ఇచ్చాను. ప్రసాదాన్ని నేనెప్పుడూ తిండి కింద లెక్కపెట్టలేదు.

"ఊరుకో వదినా," అంది హైమావతి మెల్లగా. "ప్రసాదం చెడు చేసిందంటే నేను నమ్మను."

"నాకూ నమ్మబుద్ధి కావడం లేదమ్మా. కానీ తేలకుండా పిల్లలకెలా పెడతారు?"

గవర్రాజు వైపు తిరిగాను. "ఈమెను రంగు తిన్నవాళ్లలో రాయండి బాబూ. నేనే పెట్టాను."

"అప్పుడు ఇటు ముగ్గురు, అటు ఒక్కరే అవుతారమ్మా!" అంటూ అతను కాగితం వెనక్కి లాక్కున్నాడు.

ఆ శుక్రవారం కేసరి తెల్లగా వండి నైవేద్యం పెట్టాను. హైమావతి ఎప్పటిలాగే గోడ మీదుగా చెయ్యి చాచింది.