వెనక సీటు

ఇంటి నుంచి బయల్దేరి పది నిమిషాలు కాలేదు. షామీర్‌పేట దాటగానే స్పీడ్ బ్రేకర్ వచ్చింది.

బాలమల్లు కారును మెల్లగానే ఎక్కించాడు. అయినా కింద దడేల్‌మని చప్పుడైంది.

వెనక సీట్లో అతని భార్య యాదవ్వ అరిచింది.

"ఆపు. బండి ఆపు."

ఆపాడు.

ఆమెకు క్యాన్సర్ వెన్నుపూసలకు పాకి ఐదు నెలలైంది. రేడియేషన్ కరెంటు పెట్టించడానికి రోజూ పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఇంకా పది రోజులు మిగిలి ఉన్నాయి.

"ఇగ నేను రాను," అంది యాదవ్వ. "రోగం కన్న ముందుగాల నీ కారే నన్ను సంపుతాంది."

ఈ మధ్య బాలమల్లుకు ఏమీ అనిపించడం లేదు. బండి వెనక్కి తిప్పాడు.

అది శుక్రవారం. రెండు రోజులు ఆసుపత్రికి సెలవు.

గుండ్లపోచంపల్లిలో అతను వ్యాను నడిపే గోదాము దగ్గర ఎవరో చెప్పారు, అలియాబాద్‌లో ఖాలిక్ అని ఒక మెకానిక్ ఉన్నాడని, పాత బండ్లు అతని మాట వింటాయని. శనివారం పొద్దున్నే పోయాడు.

ఖాలిక్ బక్కపలచని మనిషి. అరవై ఉంటాయేమో. కారు ముందు మూల మీద రెండు చేతులూ పెట్టి కిందికి నొక్కి వదిలాడు. బండి చాలాసేపు ఊగింది.

"నాలుగు షాకర్లు పోయినయి అన్నా. రబ్బర్ బుష్‌లు గూడ పొడి పొడి అయినయి. పదిహేడేండ్ల బండి గదా. ఎనక ఎవలు కూసుంటరు?"

"మా ఆమె. ఎన్నుపూసల క్యాన్సర్. దవాఖానకు తీస్కపోవాలె."

ఖాలిక్ చేతులు బండి మీదే ఉండిపోయాయి.

"ఆయితారం పొద్దుమీకి రా," అన్నాడు.

ఆదివారం సాయంత్రం బాలమల్లు పోయేసరికి కొత్త షాకర్లు బిగించి ఉన్నాయి. తాళం చెవి కోసం చేయి చాపాడు.

"జర ఆగు. నువ్వు నడుపు, నేను ఎనక పండుకుంట."

"ఎందుకు?"

"చూడాలె."

వెనక తలుపు పట్టుకుని ఖాలిక్ సీటు మీదికి ఒరగడానికి చాలాసేపు పట్టింది. తాగి ఉన్నాడేమో అనుకున్నాడు బాలమల్లు.

ఊరి దారిలో మూడు స్పీడ్ బ్రేకర్లు. మూడూ దాటి తిరిగి వచ్చారు.

"ఎడమ దిక్కు ఎనక ఇంక కొడుతున్నది," అంటూ ఖాలిక్ బండి కిందికి దూరాడు. ఏదో విప్పాడు, ఏదో మార్చాడు.

మళ్లీ పోయి వచ్చారు.

"టైర్లల్ల గాలి జరంత ఎక్కువున్నది."

గాలి తగ్గించాడు. మళ్లీ వెనక తలుపు తీశాడు.

"కొత్త షాకర్లు ఏసినంక ఇంకేం జూస్తవ్ భాయ్? నన్ను పరేషాన్ చెయ్యకు."

"ఇంకొక్కసారి అన్నా. మెల్లగ కాదు, నువ్వు రోజు ఎట్ల నడుపుతవో అట్లనే నడుపు."

బాలమల్లు అద్దంలో చూశాడు. ఖాలిక్ కళ్లు మూసుకుని ఉన్నాడు. మెడలోని రుమాలు పళ్ల మధ్య ఉంది. నుదుటి మీద చెమట.

"తాగినవా?"

"లే అన్నా. నడుపు."

ఈసారి తిరిగి వచ్చాక ఖాలిక్ తలూపాడు.

"ఇగ మంచిగున్నది. అమ్మను కూసోవెట్టకు. ఎడమ పక్కకు పండవెట్టు. మోకాళ్ల నడుమ మెత్త పెట్టు."

"నువ్వు బండి సంగతి జూస్కో. మనిషి నొప్పి నీకేం ఎరుక?"

ఖాలిక్ తాళం చెవి ఇచ్చాడు.

సోమవారం యాదవ్వను ఎలాగో ఒప్పించాడు. ఎడమ పక్కకే పడుకోబెట్టాడు. మోకాళ్ల మధ్య దిండు పెట్టాడు.

మొదటి స్పీడ్ బ్రేకర్ దాటింది. చప్పుడు లేదు. రెండోది దాటింది. మూడోది దాటాక బాలమల్లుకు భయం వేసింది. బండి పక్కకు ఆపి వెనక్కి తిరిగాడు.

యాదవ్వ నిద్రపోతోంది.

నెల రోజులుగా మంచం మీద రాని నిద్ర అది. మిగిలిన పది రోజులూ అలాగే నిద్రపోతూ వెళ్లింది, నిద్రపోతూ వచ్చింది.

ఒకనాడు అడిగింది.

"గా బండి బాగుచేసినాయనకు చెప్పినవా?"

"ఏంది?"

"నేను పండుకున్ననని."

"చెప్త తియ్యి."

చెప్పలేదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున యాదవ్వ పోయింది.

దినాలయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. బాలమల్లు మళ్లీ గోదాము వ్యాను ఎక్కాడు. కూతురు కంచం పెడితే తిన్నాడు. పెట్టకపోతే అడగలేదు. ఏడుపు రాలేదు. రావాలని కూడా అనిపించలేదు.

ఒక సెలవు రోజున కారు తీసి అలియాబాద్ పోయాడు.

షెడ్డు షట్టరు సగం దించి ఉంది. ఇరవై ఏళ్ల అమ్మాయి పానాలు, సుత్తులు ఏరి గోనెసంచిలో వేస్తోంది.

"ఖాలిక్ భాయ్ లేడా?"

"అబ్బా పోయి నెల దాటింది. నేను బిడ్డను, ఫాతిమా."

బాలమల్లు ఒక్క మాట చెప్పడానికి వచ్చాడు. అదే చెప్పాడు.

"మీ నాయిన బాగుచేసిన గీ కారుల మా ఆమె పండుకున్నది. దవాఖానకు పోయినన్ని దినాలు, నిమ్మలంగ. గది చెప్పనీకి వచ్చిన."

ఫాతిమా సంచి కింద పెట్టింది. కారు దగ్గరికి వచ్చి, అద్దంలోంచి వెనక సీటు వైపు చూసింది.

"మీరేనా చాచా?" అంది. "అబ్బాకు గూడ ఎన్నుపూసల క్యాన్సరే. గా ఆయితారం పొద్దటి సంది నొప్పి గోలీ ఏసుకోలే. ఎందుకు అబ్బా అని ఏడ్సుకుంట అడిగితే, 'గోలీ ఏసుకుంటే గా అమ్మకు ఏడ తగుల్తదో నాకెట్ల తెలుస్తది బిడ్డా' అన్నడు."