అన్నం తిన్నాకే

చెడ్డకబురు ఖాళీ కడుపున చెప్పకూడదన్న పద్ధతిని ఆసుపత్రులు మన ఇళ్ల నుంచే నేర్చుకున్నాయి. ఇప్పుడు ప్రతి వంటింటి గోడకూ ఆసుపత్రివాళ్లు బిగించిన ఒక కబురుపెట్టె ఉంది. ఇంట్లోవాళ్లు భోంచేశారని చూసుకున్నాక గానీ అది నోరు విప్పదు.

రేవులో పనిచేసే తమ్ముడు కొండలరావు మూడు రోజులుగా ఫోను ఎత్తడం లేదని పైడమ్మ ముద్ద ముట్టలేదు. పెట్టె పలకలేదంటే ఆపదేమీ లేనట్టేనని భర్త సత్యం ధైర్యం చెప్పాడు.

"ఆడికేటీ అవలేదే. రెండు ముద్దలు తిను," అని బతిమాలి కంచం చేతికిచ్చాడు.

ఆమె సగం తిన్నాక పెట్టె మెత్తగా పలికింది.

"మీ తమ్ముడుగారు సోమవారం మనసు చెదిరి ప్రాణం తీసుకోబోయారండి. కాపాడాం. మానసిక వైద్యశాలలో ఉన్నారు."

"సోమారమా! మరిన్నాళ్లూ చెప్పలేదేటి?"

"మీరు భోంచేయలేదండి. అక్క ఎందుకు రాలేదని ఆయన రోజూ అడిగారు. మీరింకా అన్నం తినలేదని చెప్పాం."

"ఆడేటన్నాడు?"

"అక్క తినకుండా నాకెలా దిగుతాదన్నారు. అప్పట్నుంచి ఆయనా తినడం లేదండి."

పైడమ్మ తన కంచం వైపు చూసుకుంది. సగం ఖాళీ అయిపోయింది.