నాటు టమాటా

"ఇది టమాటానా, రబ్బరు బంతా?" అంటూ పెద్దాయన కంచం పక్కకి తోసేశాడు.

జ్వరం తగ్గి వారమైంది కానీ నోటికి ఏదీ రుచించడం లేదు. మనసంతా ఒక్కదాని మీదే ఉంది. కొరికితే రసం మోచేతిదాకా కారే ఆ పాత నాటు టమాటా ఇంకొక్కసారి తినాలి.

"ఆ విత్తనం ఇప్పుడు ఎవరి దగ్గరుంది నాన్నా?" అన్నాడు కొడుకు.

"నీ దగ్గరుండాలి! డబ్బాలో పోసి నా చేతులతో ఇచ్చాను. ఎవడో వ్యాపారి చెప్పాడని పారేశావు."

కొడుకు తలొంచుకున్నాడు. అందులో అబద్ధమేం లేదు. "జనం ఇప్పుడు నాలుకతో కొనడం లేదయ్యా, కళ్ళతో కొంటున్నారు. అన్నీ ఒకే సైజుండాలి, పచ్చిగానే కోసి పంపాలి, పదిహేను రోజులైనా షాపులో చెక్కుచెదరకూడదు" అన్నాడా వ్యాపారి. ఊరంతా కొత్త విత్తనానికి మారింది. నలుగురితో నారాయణా అని ఇతనూ మారాడు.

ఆ రోజు విత్తనాల కొట్లన్నీ కాళ్ళరిగేలా తిరిగాడు. "నాటు టమాటానా? ఇంకా ఎవడు వేస్తున్నాడండీ!" అని ఒక కొట్టువాడు నవ్వాడు కూడా. సాయంత్రం ఉత్తచేతులతో ఇల్లు చేరాడు. తండ్రి ముఖం చూడటానికి ధైర్యం చాలలేదు.

అప్పుడే కోడలు పొలం నుంచి వచ్చింది.

"మామయ్యా, ఇది తిని చూడండి" అని ఒక టమాటా ఆయన చేతిలో పెట్టింది.

పెద్దాయన కొరికాడు. ఆగాడు. మళ్ళీ కొరికాడు. రసం గడ్డం మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు. కళ్ళు కూడా కారుతున్నాయి మరి.

"ఇదేరా! అచ్చం ఇదే!" అని మిగిలిన ముక్క కొడుక్కిచ్చాడు. కొడుకు అది నోట్లో పెట్టుకున్నాడు. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని తిన్న రుచి. ఇన్నేళ్ళూ దీనికోసం తనూ మొహం వాచి ఉన్నాడని అతనికి ఇప్పుడే తెలిసింది.

పెద్దాయన అరచేతిలో మిగిలిన నాలుగు గింజలనీ కాగితం మీద జాగ్రత్తగా ఆరబెట్టాడు.

"ఒరేయ్, రేపు పొద్దున్నే ఆ దిక్కుమాలిన కొత్తరకం తోటంతా పీకిపారేయ్. ఇకనుంచి మనం వేసేది ఈ విత్తనమే. ఇంతకీ నీకిది ఎక్కడ దొరికిందమ్మా?"

కోడలు మొగుడి వైపు ఓసారి చూసింది.

"ఆ తోటలోనే మామయ్యా. మొన్న పచ్చికాయల కోతలో ఎవరి కంటా పడక, చెట్టు మీదే పండిపోయింది."